చుక్కయ్య మాస్టారు చూడని వెనక పళ్ళు

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. కూర్చున్నాక మాత్రం సగంలో పెదవి విరవడానికి వీల్లేదు. ఎద్దు బడి పెట్టిందంటే నవ్వొచ్చేవాళ్ళు ముందే నవ్వేసుకోండి. ఎలుగుబంటి తల్లి ఏడ్చిన ఏడుపుకి నడి వేసవిలో బండరాయి చెమర్చిందంటే అడ్డంగా తలాడించేవాళ్ళు ఇప్పుడే ఆడించేసుకోండి. గుప్పెడంత పిట్ట ముక్కుతో ఒక్క దెబ్బ కొడితే ఆ చప్పుడు ఏడు కొండల అవతల వినపడిందంటే "ఎవరు విన్నారు?" అని అడుగుతారనీ తెలుసు. విన్నవాళ్ళ పేరు చివర్లో వస్తుంది. అంతవరకూ నోరు మూసుకుని వినండి. కథంతా నోటి గురించే కాబట్టి, తెరవాల్సిన చోట తెరుద్దురుగాని.

తేనెబండ కొండ మీద, చాపలా పరుచుకున్న నల్లరాతి మీద, అడవిలోని పిల్లలందరికీ కలిపి ఒక బడి ఉండేది. ఆ బడికి మాస్టారు చుక్కయ్య. నుదుటి మీద అరచేయంత తెల్లమచ్చ ఉన్న ముసలి ఎద్దు. వయసులో ఉండగా ఆయన చేసిన పనులు చెప్పుకుంటూ పోతే ఈ కథ మొదలే కాదు. ఒక్కటి మాత్రం చెప్పకపోతే పాపం. పొంగి పారుతున్న ఏట్లో ఎనభై ధాన్యం బస్తాల బండిని ఆయన అవతలి ఒడ్డుకి చేర్చాడు. ఆ సమయంలో జోడెద్దు కాడి కిందే నిద్రపోతోంది. బండివాడూ నిద్రలోనే ఉన్నాడు. ఒడ్డెక్కాక ఆయాసపడింది ఎద్దు కాదు, ఏరు.

అలాంటి చుక్కయ్య, పని చాలించాక కొండకి వచ్చి పిల్లలకి చదువు చెప్పడం మొదలుపెట్టాడు. ఏ ఆకు విషమో, గాలి ఎటునుంచి వస్తే ఎటు నిలబడాలో, పిడుగు ముందు మేఘం ఏ రంగు తిరుగుతుందో అన్నీ చెప్పేవాడు. కానీ ఆయన మీసం ఉంటే మెలేసుకునేంత గర్వం దేనిమీద అంటే, పళ్ళ పరీక్ష మీద.

అది ఆయన సంతలో నేర్చుకున్న విద్య. వయసులో ఉండగా ఆయన్ని మూడు సంతల్లో నిలబెట్టారు. ప్రతి సంతలోనూ దళారి వచ్చి, కింది పెదవి పట్టి లాగి, ముందు పళ్ళు చూసి "రెండు పళ్ళ కోడె!" అనో "నాలుగు పళ్ళ గిత్త!" అనో కేక పెట్టేవాడు. ఆ ఒక్క చూపుతో పశువు వయసూ, సత్తువా, రాతా తేలిపోయేవి. దళారులు అంతకన్నా లోపలికి ఏనాడూ తొంగి చూడలేదు. చూడాల్సింది ఇంకేదైనా ఉంటే అంతటివాళ్ళు చూడకుండా ఉంటారా? నోరు చూడడమంటే కింది పెదవి లాగి ముందు పళ్ళు చూడడమేనని చుక్కయ్య మనసులో పాతుకుపోయింది.

అందుకని ప్రతి పౌర్ణమి నాడు పొద్దున్నే పిల్లలు నల్లబండ మీద వరసగా నిలబడేవాళ్ళు. చుక్కయ్య తన మూతితో ఒక్కొక్కరి కింది పెదవిని నొక్కి చూసేవాడు. పళ్ళు మెరిస్తే, తోక చివరను సుద్దమట్టి కుండలో ముంచి నుదుటి మీద తెల్లచుక్క పెట్టేవాడు. ఆ చుక్కతో ఇంటికి వెళ్ళిన పిల్లకి ఆ పూట ఇంట్లో రాజభోగమే.

ఆ పౌర్ణమి నాడు కూడా వరస నడుస్తోంది.

"ఏరా కోతిపిల్లా, నవ్వమన్నానా, పెదవి కిందికి వదలమన్నానా?"

"నవ్వితే పైవీ కిందవీ రెండూ కనపడతాయి కదండీ మాస్టారూ!"

"పైవి నాకెందుకురా? నాకసలు పైన ముందుపళ్ళే లేవు. లేకపోయినా ఎనభై బస్తాలు లాగలేదూ? ఊఁ, మెరుస్తున్నాయి. చుక్క. తర్వాతెవరు?"

పక్కనే నీడలో కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్న నక్క జంబులింగం చప్పట్లు కొట్టాడు. ఆయన్ని ఆ బడికి పెద్దమనిషిగా ఎవరూ వెయ్యలేదు. తనే వేసుకున్నాడు. రోజూ మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తినే వేళకి వచ్చి, వాళ్ళ బాగోగులు చూసి వెళ్ళేవాడు. ఆయన ముందు పళ్ళు ఎంత తెలుపంటే, ఆయన నవ్విన ప్రతిసారీ అవతలి కొండమీది కొంగలు తమవాళ్ళెవరో పిలుస్తున్నారనుకుని ఎగిరి వచ్చేవి.

"తమరి చేతి చుక్క అంటే మాటలా మాస్టారుగారూ! ఏ అడవిలో ఉంది ఇలాంటి బడి?" అన్నాడు జంబులింగం.

నేరేడు వంతు వచ్చింది. నేరేడు అంటే ఎలుగుబంటి కొండమ్మ కూతురు. నేరేడు పండంత నల్లగా ఉంటుందని తల్లి ముద్దుగా పెట్టిన పేరు. అల్లరిలో నలుగురి పెట్టు. ఒక్క గుక్కలో పుట్టంతా పీల్చేసి, చెదలకి కొత్త ఊరు వెతుక్కోమని చెప్పి వచ్చే రకం. ఆ రోజు మాత్రం మాట్లాడకుండా వచ్చి, ఎడమ చెంప అవతలికి తిప్పుకుని నిలబడింది.

"ఏం తల్లీ, మొహం అటు తిప్పావేం?"

"ఏం లేదండి."

"నొప్పిగా ఉందా?"

నేరేడు నోరు తెరవబోయింది. ఈలోగా జంబులింగం అందుకున్నాడు. "పాలపళ్ళు కదండీ మాస్టారూ! ఊడే ఈడు. ఎలాగూ ఊడిపోయేదానికి నొప్పేమిటి, మందేమిటి? తమరు చూడండి, ఎలా మెరుస్తున్నాయో."

చుక్కయ్య పెదవి నొక్కి చూశాడు. నిజమే, ముందు పళ్ళు కొత్త బియ్యంలా ఉన్నాయి. తోక ముంచాడు, చుక్క పెట్టాడు. నేరేడు ఆ చుక్కను చేత్తో తడుముకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం బడి గంట తాడు లాగే ముసలి తాబేలు గవరమ్మతో చుక్కయ్య అన్నాడు: "చూశావా గవరమ్మా, నలభై నోళ్ళు! ఒక్కదానికీ మచ్చ లేదు. వచ్చే పౌర్ణమికి పిల్లల తల్లిదండ్రులందరూ కలిసి నా మెడలో గంటల పట్టెడ వేస్తారట."

"వేస్తార్లే బాబూ," అంది గవరమ్మ. "నాకు పళ్ళు లేవు, పళ్ళ సంగతి నాకు తెలీదు. కానీ పిల్లలు రోజూ మొక్కజొన్న పొత్తులూ దుంపలూ మూట కట్టుకుని వస్తారు కదా. అన్నాల వేళ ఒక్క పొత్తు కొరికిన చప్పుడు వినపడదేం?"

"నీకు చెవుడొచ్చింది గవరమ్మా," అని చుక్కయ్య కళ్ళు మూసుకుని హాయిగా నెమరేసుకున్నాడు.

పది రోజులు గడిచాయి. ఆ తర్వాత నేరేడు బడికి రాలేదు. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. ఎలుగుపిల్ల పుట్టల వెంట పడి తిరుగుతోందేమో అనుకున్నాడు చుక్కయ్య. నాలుగో రోజు పొద్దున్న మనసు ఊరుకోలేదు. పిల్లలకి లెక్క చెప్పి, కొండమ్మ గుహకి నడిచాడు.

గుహ ముందు ఎర్ర మొక్కజొన్న నాలుగు వరసలు ఉంది. తేనెబండ కొండ మొత్తం మీద ఎర్ర గింజ కాసేది అక్కడొక్కచోటే. కొండమ్మ ఎక్కడినుంచో తెచ్చి చల్లిన విత్తనం అది. పొత్తులు విరగకాశాయి. కోసేవాళ్ళు లేరు.

"కొండమ్మా, పిల్లేదీ?"

కొండమ్మ లోపలినుంచి రాలేదు. "రండి మాస్టారూ," అని మాత్రం అంది.

లోపల ఎండుటాకుల మీద నేరేడు పడుకుని ఉంది. ఎడమ దవడ వెలక్కాయంత వాచింది. ఆ కన్ను మూసుకుపోయింది. ఒళ్ళు కాలుతోంది. ఎంత కాలుతోందంటే, కింద పరిచిన ఆకులు కమిలి పొగలు వస్తున్నాయి. ఇది అతిశయోక్తి అనుకునేవాళ్ళు ఎప్పుడైనా జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చున్న తల్లిని అడగండి.

"మూడు రోజులైంది మెతుకు ముట్టి. నిన్నటినుంచి నీళ్ళూ దిగడంలేదు," అంది కొండమ్మ. గొంతు నెమ్మదిగా ఉంది. "మీరు పెట్టిన చుక్క ఇంకా చెరగలేదు మాస్టారూ, చూడండి."

నిజంగానే నేరేడు నుదుటి మీద సుద్దచుక్క ఉంది. చెమటకి తడిసి, అంచులు కరిగి, అలాగే ఉంది.

"పౌర్ణమి నాడే అంది, 'పన్ను పోటమ్మా' అని. నేనేమన్నానో తెలుసా? మాస్టారు చూసి చుక్క పెట్టాక నీకు పోటెక్కడిదే, బడి ఎగ్గొట్టడానికి వేషాలా అన్నాను. అని ఊరుకోలేదు, చెయ్యి చేసుకున్నాను. ఈ చెంప మీదే కొట్టాను మాస్టారూ. ఈ చెంప మీదే."

అప్పుడు ఏడ్చింది కొండమ్మ. పైకి వినపడకుండా ఏడ్చింది. ఆవిడ ఆనుకున్న బండ, మూడు నెలలుగా చినుకు చూడని బండ, తడిసి నల్లబడింది.

చుక్కయ్య వెనక్కి తిరిగి, గుహ బయటికి వచ్చి, తల పైకెత్తి ఒక్క రంకె వేశాడు. ఆ రంకెకి ఏడు కొండల మీది పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. పగలు పూట ఆకాశం మసకబారింది. ఆయనకు కావలసింది వాటిలో ఒక్కటే. అది రెక్కలు ముడిచి సూటిగా వచ్చి కొమ్ము మీద వాలింది.

"ఎవరికి మాస్టారూ, ప్రాణం మీదికి?" అన్నాడు వడ్రంగిపిట్ట వీరాచారి.

వీరాచారి పనితనం సంగతి ఎవరికి తెలీదు! పైన బెరడు నిగనిగలాడే చెట్టుని ముక్కుతో ఒక్కసారి తట్టి, ఎన్ని బెత్తెల లోపల ఎన్ని పురుగులున్నాయో, వాటిలో నిద్రపోతున్నవెన్నో చెప్పేవాడు. లోపలికి వచ్చి, నేరేడు తల దగ్గర వాలాడు.

"అమ్మాయ్, నోరు తెరువు. ఇంకా. బావురుకప్పలా తెరువు. అదీ."

ముందు పన్ను మీద తట్టాడు. టక్. పక్కదాని మీద తట్టాడు. టక్. లోపలికి తల దూర్చి, ఎడమవైపు కింది వరసలో వెనక పన్ను మీద చిన్నగా తట్టాడు. డొబ్.

నేరేడు గుహ అదిరేలా అరిచింది.

"డొల్ల," అన్నాడు వీరాచారి, తల బయటికి తీస్తూ. "మాస్టారూ, పౌర్ణమి నాడు మీరేం చూశారు?"

"పళ్ళు చూశాను."

"ఏ పళ్ళు?"

"ముందు పళ్ళు."

"మరి వెనకవి?"

"వెనకవా?" అన్నాడు చుక్కయ్య. అలవాటు కొద్దీ ఆయన దవడ ఆడుతూనే ఉంది.

వీరాచారి ఆయన్ని తేరిపార చూశాడు. "ఇప్పుడు మీరు నెమరేస్తున్నది దేనితో మాస్టారూ?"

చుక్కయ్య దవడ ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఒక్క పూట ఆగని దవడ అది. రోజంతా, జీవితమంతా, ఆయన్ని బతికించింది ఆ వెనక పళ్ళే. సంతలో దళారి చూడలేదు కాబట్టి ఆయన వాటిని ఒక్కనాడూ తలుచుకోలేదు.

వంగి, మొదటిసారిగా ఒక పిల్ల నోట్లోకి చివరిదాకా చూశాడు. వెనక పన్ను మధ్యలో నల్లటి గొయ్యి ఉంది. దాని చుట్టూ చిగురు ఉబ్బి ఎర్రబారింది.

"పాలపన్నే కదా, ఆచారీ," అన్నాడు. "ఎలాగూ ఊడిపోయేదే అంటారే..."

"ఎవరంటారు? ఊడిపోయేదే. కానీ దాని అడుగున కొత్తపన్ను మొలక కాచుకుని ఉంటుంది. పైది పుచ్చిపోతే, చీము మొలక దాకా దిగుతుంది. ఇప్పుడు దవడ ఎముక దాకా దిగింది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే మనం మాట్లాడుకోవాల్సింది పన్ను గురించి కాదు." కొండమ్మ వైపు చూసి ఆ మాట అక్కడితో ఆపేశాడు. "తీసెయ్యాలి. గట్టిగా పట్టుకునేవాళ్ళు కావాలి."

కొండమ్మ తల పట్టుకుంది. చుక్కయ్య మోకాళ్ళ మీద కూర్చుని తన మెడ చాపాడు. "నన్ను పట్టుకో తల్లీ. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా."

నేరేడు మూసుకుపోని కంటితో ఆయన్ని చూసింది. "తీసేస్తే... నాకు చుక్క పెట్టరా మాస్టారూ?"

ఆయన మెడని ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

వీరాచారి ముక్కు లోపలికి వెళ్ళింది. నేరేడు గోళ్ళు చుక్కయ్య మూపురంలో దిగాయి. చర్మం చీరుకుపోయి నెత్తురు కారింది. ఆయన కదల్లేదు. ఏట్లో ఎనభై బస్తాలు లాగిన రోజున కూడా ఆ మూపు మీద అంత బరువు లేదు.

పన్ను వచ్చింది. చీము కారింది. నేరేడు సొమ్మసిల్లింది.

మూడు రోజులు చుక్కయ్య ఆ గుహ ముందునుంచి కదల్లేదు. వేపబెరడు కాచిన నీళ్ళూ, దుప్పులు నాకే ఉప్పురాతి పొడి కలిపిన నీళ్ళూ మార్చి మార్చి కొండమ్మ పిల్ల నోట్లో పోసి పుక్కిలింపించింది. మొదటి రోజు ఒళ్ళు చల్లబడలేదు. రెండో రోజు వాపు తగ్గలేదు. కొండమ్మ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనా గడ్డి ముట్టలేదు, నెమరు వెయ్యలేదు. మూడో రోజు ఎండ ఎక్కాక లోపలినుంచి సన్నటి గొంతు వినపడింది.

"అమ్మా, ఆకలేస్తోంది."

కొండమ్మ గంజి తాగించింది. తాగాక నేరేడు తల వంచుకుని, "అమ్మా, నువ్వు కట్టిన పొత్తులు నేను తినలేదే," అంది.

"మరేం చేశావే?"

"జంబులింగం మామయ్యకి ఇచ్చేశాను. అందరం ఇచ్చేస్తాం. మామయ్య ఇప్పముద్దలు పెడతాడు. ఇప్పపూలూ తేనే కలిపి దంచి చేస్తాడు. కొరకక్కర్లేదు, బుగ్గన పెట్టుకుంటే సాయంత్రం దాకా ఊరుతుంది."

"మరి ముందు పళ్ళు అంత తెల్లగా..." అన్నాడు చుక్కయ్య.

"పౌర్ణమి పొద్దున్నే మామయ్య బొగ్గుపొడి తెస్తాడండి. ముందువి తోముకోండి, వెనకవి ఎందుకు అంటాడు. మాస్టారు వెనకవి చూడరుగా, అంటాడు."

ఆ మాట నేరేడు మామూలుగానే అంది. చుక్కయ్యకు మాత్రం ఆ మాట మూపురంలో దిగిన గోళ్ళకన్నా లోతుగా దిగింది.

పౌర్ణమి వచ్చింది. నల్లబండ చుట్టూ అడవంతా కూడింది. గంటల పట్టెడ తళతళలాడుతోంది. ఆ రోజు చుక్కయ్య నోరు మూసుకుని నలభై చుక్కలు పెట్టి, మెడ వంచి, పట్టెడ వేయించుకుని ఉంటే అడిగేవాడు లేడు. కొండమ్మ ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆవిడ వెనక వరసలో నేరేడుని పక్కన పెట్టుకుని, ఈయన ఏం చేస్తాడా అని చూస్తోంది.

జంబులింగం ఉపన్యాసం దంచాడు. "ఇలాంటి గురువు ఏడు అడవుల్లో లేడు! ఇలాంటి పళ్ళు పద్నాలుగు అడవుల్లో లేవు!"

"ఒక్క మాట, జంబులింగంగారూ," అన్నాడు చుక్కయ్య. "మా పిల్లలకి ఇప్పముద్దలు పెడుతున్నారట?"

నక్క తొణకలేదు. "ప్రేమకొద్దీ, మాస్టారుగారూ! లేత నోళ్ళు, గట్టి పొత్తులు ఏం కొరుకుతారు పాపం? తీపి తింటే పళ్ళు పాడవుతాయని గిట్టనివాళ్ళు అంటారు. పిల్లలకి ఒక ముద్ద పెడితే నేను రెండు తింటాను. మరి నా పళ్ళు చూడండి!" అని నవ్వాడు. అవతలి కొండనుంచి కొంగలు వచ్చి వాలాయి. జనం చప్పట్లు కొట్టారు.

"అదే నేనూ అంటున్నాను," అన్నాడు చుక్కయ్య. "అన్ని ముద్దలు తిని కూడా అంత మెరిసే నోటికి ఇంతవరకూ నేను చుక్క పెట్టకపోవడం తప్పు. ఇవాళ మొదటి పరీక్ష మీదే. బండ ఎక్కండి."

పొగడ్త వినపడితే జంబులింగం కాళ్ళు నేలమీద ఆగవు. ఒక్క గంతులో బండ ఎక్కి, అడక్కుండానే కింది పెదవిని తనే లాక్కుని నిలబడ్డాడు. చుక్కయ్య మాత్రం మూతి వంచలేదు.

"నా చూపు ఎంతదో ఈ మధ్యే తెలిసింది. ఇవాళ్టినుంచి పళ్ళు చూసేది వీరాచారి. నోరు పూర్తిగా తెరవండి."

"పూర్తిగానా?" జంబులింగం పెదవి వదిలేశాడు. "అది... ఇన్నాళ్ళ పద్ధతి కాదు కదండీ మాస్టారూ?"

"పద్ధతి మారింది."

"గొంతు కాస్త బాగాలేదండి, వచ్చే పౌర్ణమికి..."

"తెరవవయ్యా పెద్దమనిషీ!" కింద నుంచి అడవిపంది ఒకడు అరిచాడు. "నీ తర్వాత మా పిల్లలు తెరవాల్సినవాళ్ళేగా! నువ్వే జంకితే వాళ్ళేం తెరుస్తారు?"

అంతమంది ముందు వెనక్కి తగ్గితే పరువేం కావాలి? జంబులింగం కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచాడు. వీరాచారి లోపలికి తల పెట్టాడు.

టక్. టక్. టక్. ముందు పళ్ళు మూడూ గట్టివే. జనం తలలూపారు. వీరాచారి ఇంకా లోపలికి వెళ్ళాడు. ఎడమవైపు వెనక పన్ను.

డొబ్.

ఆ చప్పుడుకి పిల్లలు గుసగుసలు మానేశారు. ఏడు కొండల అవతల చెట్టు తొలుస్తున్న వీరాచారి తమ్ముడు "అన్నయ్యకి డొల్లచెట్టు దొరికినట్టుంది" అనుకున్నాడట. జంబులింగం పెట్టిన కేక గురించి చెప్పక్కర్లేదు. కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ముద్దలు దంచుతూ తీపి సరిపోయిందో లేదో చూసుకోవడానికి రోజూ నాలుగు నోట్లో వేసుకున్న ఫలితం అది. మూడు నెలలుగా ఆయన కూడా నేరేడులాగే కుడివైపు నములుతున్నాడు. ఎవరికీ చెప్పుకోలేదు.

వీరాచారి ఆ పంటి గొయ్యిలోంచి ముక్కు కొనతో ఏదో పట్టి బయటికి లాగి, బండ మీద పెట్టాడు. ఒక మొక్కజొన్న గింజ. ఎర్రది.

కొండమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆ గింజని చూసింది. తేనెబండ కొండ మీద ఎర్ర గింజ ఎవరింటి ముందు కాస్తుందో అందరికీ తెలుసు.

"ఇది నేను నా పిల్లకి కట్టిన గింజ," అంది.

అంతే అంది. ఎవరికి ఏం అర్థం కావాలో అర్థమైంది. తల్లులు తమ పిల్లల వైపు తిరిగారు. "నువ్వు కూడా ఇచ్చావా? నువ్వు కూడానా?" పిల్లలు ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. అడవిపంది కోరలు నూరుతూ బండ ఎక్కబోయాడు.

"ఆగు," అన్నాడు చుక్కయ్య. "తప్పు జంబులింగానిది సగమే. మిగతా సగం చేసినవాడు మీ ముందు నిలబడి ఉన్నాడు. అతను వెనక ఏం దాచగలిగాడన్నా నేను ముందు పళ్ళే చూసి ఊరుకున్నాను కాబట్టే. పిల్ల నొప్పి అని నోరు తెరవబోతే, నేను చుక్క పెట్టి ఆ నోరు మూశాను. ఆ చుక్కని నమ్మి ఒక తల్లి పిల్లని కొట్టింది. ఆ పిల్ల చావు అంచుదాకా వెళ్ళి వచ్చింది." సుద్దమట్టి కుండని కాలితో తన్నాడు. అది బండ మీద పడి పగిలింది. "ఈ పట్టెడ నా మెడకి వద్దు. బడి ముందు మద్దికొమ్మకి కట్టండి. పిల్లలు తిన్నప్పుడల్లా మోగించండి. అది మోగితే వాగు నీళ్ళతో ప్రతి పిల్లా నోరు పుక్కిలించాలి. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి వేపపుల్లతో చివరి పన్ను దాకా తోముకోవాలి. పౌర్ణమి పౌర్ణమికి వీరాచారి తట్టి చూడాలి. నొప్పి అన్న పిల్లని ముందు చూడాలి."

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. అంతమందిలోంచి నేరేడు నడిచి వచ్చింది. వాపు తగ్గిన చెంపని ఈసారి అవతలికి తిప్పుకోలేదు. వీరాచారి ముందు నిలబడి, గొంతు కనపడేలా నోరు తెరిచింది. ఎడమవైపు ఖాళీ అందరికీ కనపడింది. ఆ పిల్లే తెరిచాక మిగతా ముప్పైతొమ్మిది మందికీ భయమేముంది? వరస కట్టారు.

ఆ రోజు వీరాచారికి పదకొండు డొల్లలు వినపడ్డాయి. అందులో పది ఇంకా లోతుకి దిగనివి; గీకి శుభ్రం చేసి మైనం పెట్టాడు. ఒక్కటి తియ్యాల్సి వచ్చింది. అది ఎవరిదో చెప్పక్కర్లేదు.

"ఆచారీ, నాది ముందు చూడవయ్యా, ప్రాణం పోతోంది!" అని జంబులింగం దవడ పట్టుకుని వేడుకున్నాడు.

"పిల్లలవి అయ్యాక," అన్నాడు వీరాచారి. "వరసలో నిలబడు."

వరస చివర, మేకపిల్ల తోక వెనక, నలభై ఒకటో నోరుగా నిలబడ్డాడు జంబులింగం. ఎండ నడినెత్తికి వచ్చి పొద్దు వాలేదాకా నిలబడ్డాడు. పన్ను తీయించుకున్నాక, కొండమ్మ ఒక ఆకుదొన్నెలో గంజి పోసి ఆయన ముందు పెట్టింది. "కొరకక్కర్లేదు అన్నయ్యా," అంది, "చప్పరిస్తే చాలు." ఆయన గంజి చప్పరిస్తుంటే, చుట్టూ కూర్చున్న పిల్లలు తమ మూటలు విప్పుకున్నారు. నేరేడు ఎర్ర పొత్తు ఒకటి తీసి, కుడివైపు పెట్టుకుని, కరక్కున కొరికింది.

తాబేలు గవరమ్మ చెవి అటు తిప్పింది. "అదిగో," అంది, "ఇప్పుడు వినపడింది."

జంబులింగం ఆ తర్వాత నోరు విప్పి నవ్విందీ లేదు, కొంగలు వచ్చి వాలిందీ లేదు.

మెరిసే ముందు పన్ను చూసి చుక్క పెట్టేవాళ్ళు పిల్ల నోరు చూసినట్టు కాదు. నొప్పి అన్న పిల్ల చేత చివరిదాకా నోరు తెరిపించి చూసినవాళ్ళే చూసినట్టు.

ఇప్పటికీ అనుమానం తీరనివాళ్ళు తేనెబండ కొండ ఎక్కి, మద్దికొమ్మ కింద పట్టెడ గంటల తాడు పట్టుకుని కూర్చున్న ఆవిడని అడగొచ్చు. మొదటినుంచి చివరిదాకా అక్కడే ఉంది, ఆ "డొబ్" చప్పుడు తన చెవులతో వింది. నోట్లో ఒక్క పన్నూ లేదు కాబట్టి పళ్ళ గురించి అబద్ధమాడి ఆవిడకి ఒరిగేదేమీ లేదు. పేరు తాబేలు గవరమ్మ.